పెళ్లికూతురు వలస వెళ్లినట్టా?

సందేహం: విజయనగరం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో సోషల్ చెబుతున్నాను. మానవ భూగోళ శాస్త్రం పరిచయ పాఠాలు మొదలుపెట్టినప్పటి నుంచి మాటల దగ్గరే ఆగిపోతున్నాం. పని కోసం జనం ఊరు మారడం వలస అని భూగోళంలో చెప్పాను. చరిత్ర పీరియడ్‌లో వలస పాలన అన్నాను. ఒక పిల్లవాడు లేచి, "అయితే ఇంగ్లిషువాళ్లు కూడా మా నాన్నలాగే కూలికి వచ్చారా టీచర్?" అని అడిగాడు. మా ఊరి పేరు చివర కూడా వలస ఉంది. అది వేరే మాటా? జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్ల వలసకు పెద్ద కారణం పెళ్లి అని చెబితే అమ్మాయిలు నవ్వారు. వలస బదులు ప్రవాసం అని రాయిస్తే బాగుంటుందా? ఉనికి, స్థలం, ప్రదేశం, ప్రాంతం, వీటికి తేడా ఎలా చెప్పాలి? భూగోళిక, భౌగోళిక... ఏది రాయాలి?

సమాధానం: అమ్మా, చిన్నదాన్ని ముందు తేల్చేస్తాను. భౌగోళిక అనే రాయించండి. సంస్కృత పదానికి ‘ఇక’ చేరితే మొదటి అచ్చుకు వృద్ధి వస్తుంది. సంస్కృతి సాంస్కృతికం, ప్రదేశం ప్రాదేశికం అయినట్టే భూగోళం భౌగోళికం అవుతుంది. శాస్త్రం పేరులో ఆ ‘ఇక’ లేదు కాబట్టి భూగోళ శాస్త్రం అలాగే ఉంటుంది.

ఇక ఆ పిల్లవాడి ప్రశ్న. అంత మంచి ప్రశ్న ఈ మధ్య నాకెవరూ పంపలేదు. వాడు రెండు పీరియడ్లలో విన్న మాటను ఒకే మాటగా పట్టుకున్నాడు. అది ఒకే మాట కూడా. దాని నడక చెబితే మీ మూడు సందేహాలూ కలిసి తీరతాయి.

పాత నిఘంటువుల్లో వలసకు కూలి, జీతం, పని వంటి అర్థాలేవీ కనిపించవు. శత్రువుల దండు వస్తోందని తెలిసి ఊరికి ఊరే లేచిపోవడం వలస. కన్నడంలోనూ వలసె అనే మాట ఉంది. గొడ్డూగోదా తోలుకుని, పిల్లల్ని చంకనేసుకుని, కొండకో అడవికో పోవడం అన్నమాట. అంటే ఈ మాట పుట్టుకలోనే భయం ఉంది, గుంపు ఉంది, వదిలేసిన ఇల్లు ఉంది. దండయాత్రల కాలం పోయాక కరువుకు పోవడం కూడా వలసే అయింది. ఆ తర్వాత పనికి పోవడం కూడా. వలసపక్షి అని పక్షికీ ఇచ్చాం.

లేచిపోయినవాళ్లు ఎక్కడో ఒకచోట దిగుతారు కదా. ఆ దిగిన చోటుకీ అదే పేరు వచ్చింది. మీ వైపు ఆమదాలవలస, కొత్తవలస లాంటి ఊళ్లన్నీ అలాంటివే. చేసే పని పేరు, ఆ పని జరిగిన చోటుకు రావడం తెలుగులో కొత్తేమీ కాదు. విడిది అంటే దిగడమూ అవుతుంది, పెళ్లివారు దిగిన ఇల్లూ అవుతుంది. కాబట్టి మీ ఊరి పేరులోని వలస వేరే మాట కాదు. ఎవరో ఎక్కడినుంచో వచ్చి గుడిసెలు వేసుకుని, బావి తవ్వుకుని, ఆ నేల మీద నిలిచారని ఆ పేరు చెబుతోంది. భూగోళ పాఠంలో వలస ఒక అధ్యాయం, జనావాసం మరో అధ్యాయం. మీ ఊరి పేరులో ఆ రెండు అధ్యాయాలూ ఒక్క మాటలో ఉన్నాయి.

ఇంగ్లిషువాళ్ల సంగతికి రావాలంటే ఈ మెట్టు మీదుగానే రావాలి. కాలనీ అనే మాటకు మూలం లాటిన్‌లోని కొలోనియా. దాని వెనక ఉన్నది సేద్యగాడు అనే అర్థం. రోమన్లు గెలుచుకున్న నేల మీద తమవాళ్లకు భూములిచ్చి నిలిపిన ఊరు కొలోనియా. జర్మనీలో కొలోన్ అనే నగరం ఉంది. దాని పేరు ఆ కొలోనియాయే. అంటే కొలోన్, కొత్తవలస ఒకే రకం పేర్లు! ఆ అర్థంలో కాలనీని వలస అని తెలుగు చేసినవాళ్లు తప్పేమీ చేయలేదు. అమెరికాకో ఆస్ట్రేలియాకో ఇంగ్లండు జనం కుటుంబాలతో పోయి, అక్కడున్నవాళ్లను తోసేసి నేల దున్నుకున్నారు. అవి అక్షరాలా వలసలే.

మన దేశంలో జరిగింది అది కాదు. ఇంగ్లిషు కంపెనీవాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగింది సరుకు కొనడానికి. తర్వాత చేతికొచ్చింది శిస్తు, పెత్తనం. ఇక్కడ ఊళ్లు కట్టుకుని సేద్యం చేసుకోవడానికి వాళ్ల జనం తరలిరాలేదు. అయినా ఇంగ్లిషులో ఈ రెండింటికీ ఒకే మాట వాడారు కాబట్టి, మనమూ రెండింటికీ వలసనే వాడేశాం. ఆ తేడా పాఠంలో ఎక్కడా చెప్పకపోవడమే చిక్కు. మీ విద్యార్థికి ఇలా చెప్పండి: "మీ నాన్న వెళ్లినచోట చెల్లేది అక్కడివాళ్ల మాట. ఇంగ్లిషువాళ్లు వచ్చినచోట చెల్లింది వాళ్ల మాట. మొదటిది వలస. రెండోది వలస పాలన." రాతలో కూడా చరిత్ర పీరియడ్‌లో ఒట్టి వలస అని వదిలేయకండి. వలస పాలన, వలస రాజ్యం, వలసవాదం అని ఎప్పుడూ వెనక ఇంకో మాట ఉండనివ్వండి. ‘వలస దేశాలు’ అని మాత్రం రాయించవద్దు. జనం వెళ్లిన దేశాలో, జనాన్ని ఏలిన దేశాలో, ఏలుబడిలో ఉన్న దేశాలో ఎవరికీ తెలియదు. ‘వలస పాలనలో ఉన్న దేశాలు’ అని నాలుగు అక్షరాలు ఎక్కువ రాస్తే నష్టం లేదు.

వలసవాదం, వలసదారు అనే మాటల మీద కొందరు పెద్దలకు అభ్యంతరం ఉంది. తెలుగు మాటకు సంస్కృత మాట అతికిస్తే వైరి సమాసమని, ‘దారు’ పారశీకపు ముక్క అని అంటారు. వ్యాకరణం ప్రకారం వాళ్ల మాట నిజమే. కానీ వాటాదారు, కౌలుదారు అని పల్లెల్లో ఎన్ని తరాలుగా అంటున్నారు! వలసదారు నోటికి సులువుగా వస్తుంది, అర్థం వెంటనే తెలుస్తుంది. నేను వాడతాను. మీరూ వాడండి.

అమ్మాయిలు ఎందుకు నవ్వారో నాకు అర్థమైంది. కొత్త పెళ్లికూతురిని మనం కాపురానికి పంపుతాం, అత్తారింటికి సాగనంపుతాం. వలస వెళ్లిందని ఏ తెలుగు తల్లీ అనదు. భాష తెలిసినవాళ్లు కాబట్టే ఆ పిల్లలు నవ్వారు. కానీ శాస్త్రం తప్పు చెప్పిందా అంటే, అదీ లేదు. జనాభా లెక్కల్లో వలసకు ఇచ్చిన అర్థం చాలా పొడిగా ఉంటుంది. లెక్క రాసిన ఊరు, పుట్టిన ఊరు ఒకటి కాకపోతే పుట్టుక ప్రకారం వలసదారు. ఇంతకుముందు ఉన్న ఊరు వేరైతే, చివరి నివాసం ప్రకారం వలసదారు. కష్టంతో వెళ్లారా, బాజాభజంత్రీలతో వెళ్లారా అని అది చూడదు. 2011 లెక్కల్లో చివరి నివాసం ప్రకారం దేశంలో సుమారు 45 కోట్ల మంది వలసదారులు తేలారు. అందులో ఆడవాళ్లదే పెద్ద వాటా, వాళ్లలో ఎక్కువమంది ఊరు మారింది పెళ్లి వల్ల. ఈ విడమరుపు లేకుండా ‘45 కోట్ల వలసదారులు’ అని రాస్తే, చదివేవాళ్లు దేశంలో మూడో వంతు జనం మూటాముల్లె సర్దుకుని పనికి పోయారనుకుంటారు.

ఇంకో సంగతి కూడా క్లాసులో చెప్పండి, పిల్లలకు బాగా గుర్తుంటుంది. మనలో తొలికాన్పు పుట్టింట్లో చేయడం ఆచారం. తల్లి పుట్టింట్లోనో, అక్కడి ఆసుపత్రిలోనో పుట్టిన బిడ్డను కొన్ని నెలలకు తండ్రి ఊరికి తెస్తారు. పుట్టిన ఊరి ప్రకారం ఆ పసిబిడ్డ కూడా వలసదారే! మీ క్లాసులో అమ్మమ్మగారి ఊళ్లో పుట్టినవాళ్లను చేతులెత్తమనండి. వలస అంటే దూరదేశాలకు పోవడమే అనుకున్న పిల్లలు, తామే ఆ లెక్కలో ఉన్నామని తెలుసుకుంటారు. ఇంగ్లండులో జనాభా లెక్కలు ముందు పెట్టుకుని 1885లో రావెన్‌స్టైన్ అనే భూగోళ శాస్త్రవేత్త వలస సూత్రాలు రాశాడు. ఆయన కూడా ఎక్కువమంది వెళ్లేది దగ్గర చోట్లకే అన్నాడు, దగ్గర దూరాలకు ఆడవాళ్లే ఎక్కువగా కదులుతారు అన్నాడు. అక్కడి కారణాలు వేరు, ఇళ్లలో పనులు, మిల్లుల్లో పనులు. కానీ గమనింపు మన ఊళ్లకూ సరిపోయింది.

అందువల్ల క్లాసులో ఈ ఒక్క వాక్యం బోర్డు మీద రాయండి: లెక్కల వలస వేరు, నోటి వలస వేరు. పరీక్షలో మొదటిదాని ప్రకారం రాయాలి. మనిషి గురించి మాట్లాడేటప్పుడు రెండోదాన్ని మరచిపోకూడదు. రోజూ పక్క టౌనుకు బస్సులో పోయి సాయంత్రం తిరిగివచ్చేవాడు రెండింటిలోనూ వలసదారు కాడు. దానికి పుస్తకాల్లో ‘దైనందిన గమనాగమనం’ అని బరువైన పేరు పెడుతుంటారు. జనం ‘అప్ అండ్ డౌన్ చేస్తున్నాడు’ అంటారు. రోజువారీ రాకపోకలు అంటే ఇద్దరికీ సరిపోతుంది.

వలసలో రకాలు చెప్పేటప్పుడు మన జనం పెట్టుకున్న పేర్లను దయచేసి వదలకండి. కాలానుగుణ వలస అని పుస్తకంలో ఉంటుంది. కర్నూలు జిల్లా పడమటి పల్లెల్లో, కోసిగి, మంత్రాలయం వైపు, దీన్నే సుగ్గికి పోవడం అంటారు. వానలు మొహం చాటేస్తే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు మిరప కోతలకు పోయి, పనులయ్యాక తిరిగొస్తారు. కన్నడంలో సుగ్గి అంటే పంట కోతల కాలం. సరిహద్దు పల్లెల్లో ఆ మాట వలసకు పేరైంది. ఎక్కడో పండిన పంటకు వీళ్లు సుగ్గి చేసుకోవలసి రావడం నన్ను చాలా బాధపెట్టే విషయం. తెలంగాణలో ‘బతకపోయిండు’ అంటారు. ఊళ్లో ఉంటే బతకలేం కాబట్టి బతకడానికి పోయాడు అని, కారణమంతా ఆ క్రియలోనే ఉంది. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అనే మాట కూడా అక్కడిదే. బాయి అంటే బావి. సింగరేణి గనులు, ఆ తర్వాత బొంబాయి, ఆ తర్వాత సముద్రం దాటి గల్ఫ్. దగ్గర, మధ్య దూరం, దూరం అని మూడు మెట్లనూ ప్రాసతో కట్టిపెట్టిన జనానికి భూగోళం తెలియదని ఎవరంటారు?

ఎవరెట్ లీ అనే అమెరికా జనాభా శాస్త్రవేత్త 1966లో వలసకు కారణాలను రెండు వైపులుగా విడదీసి చెప్పాడు. వాటిని మన పుస్తకాల్లో వికర్షణ, ఆకర్షణ కారకాలు అంటున్నారు. అయస్కాంతం పాఠంలో ఆ మాటలు బాగుంటాయి. మనుషుల దగ్గర ‘నెట్టే కారణాలు, లాగే కారణాలు’ అంటే ఎనిమిదో తరగతి పిల్లలకూ ఎక్కుతుంది. మధ్యలో వచ్చే అడ్డంకులను కూడా లీ లెక్కలోకి తీసుకున్నాడు. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు, వీసా, రాని భాష, ముసలి తల్లి... ఇవన్నీ అక్కడికే వస్తాయి.

ప్రవాసం అని రాయించమంటారా అన్నారు. వద్దు. కారణం వ్యాకరణం కాదు. ఇల్లు విడిచి దూరాన ఉండటం ప్రవాసం, మాటలో దోషం లేదు. కానీ వాడుకలో ఏం జరిగిందో చూడండి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు ప్రవాసాంధ్రులు, ప్రవాస భారతీయులు. గల్ఫ్‌లో కట్టడాల పని చేసేవాళ్లు వలస కార్మికులు. ఇద్దరూ విమానం ఎక్కినవాళ్లే, ఇద్దరూ నెలనెలా ఇంటికి డబ్బు పంపేవాళ్లే. డబ్బున్నవాడికి సంస్కృతం, లేనివాడికి తెలుగు ఇచ్చాం. ఇది మంచి అలవాటు కాదు. భూగోళ పాఠంలో అయినా ఇద్దరికీ ఒకే మాట వాడదాం. వలస వెళ్లడం, వలస రావడం అని దిక్కు చెబితే చాలు, బహిర్గమనం, ఆగమనం అక్కర్లేదు.

అయితే తేడా చూపి తీరాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. కాందిశీకుడు అనే మాట ఎంత కన్నీటిదో చూడండి. ‘కాం దిశం’ అంటే ఏ దిక్కుకు అని. ఏ దిక్కుకు పోవాలో తెలియక పరుగెత్తేవాడు కాందిశీకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు బర్మా మీదికి వచ్చినప్పుడు, 1942లో రంగూన్ నుంచి తిరిగొచ్చిన మన తెలుగువాళ్లను ఆ మాటతోనే పిలిచారు. వాళ్లలో ఎంతోమంది అడవులు, కొండలు దాటి కాలినడకన వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంప్ అనే పేరు ఇప్పటికీ ఉంది. అంతకుముందు తెలుగు కూలీలు బర్మాకు ఓడలెక్కిన రేవుల్లో కోరంగి ఒకటి. అందుకే అక్కడ తెలుగువాళ్లకు కోరంగీలు అనే పేరు పడింది. రేవు పేరు జనం పేరైంది. శరణార్థి అంటే ఇంకో దేశాన్ని రక్షణ అడిగినవాడు. దానికి చట్టంలో అర్థం ఉంది, అంతర్జాతీయ ఒడంబడిక 1951లో వచ్చింది. నిర్వాసితుడు వీళ్లెవరిలాగా కాదు, దండూ కరువూ తరిమినవాడు కాడు. ప్రాజెక్టు కోసం సర్కారే లేపినవాడు. శ్రీశైలం, పోలవరం ముంపు గ్రామాల వాళ్లను వలస వెళ్లారని రాస్తే అబద్ధం రాసినట్టే. వాళ్లు వెళ్లలేదు, వాళ్లను పంపేశారు.

చోటుకు సంబంధించిన మాటల్లో నాకు బాగా ఇష్టమైనది ఉనికి. ‘భారతదేశ ఉనికి’ అని పాఠానికి పేరు పెట్టినవాళ్లు ఎవరో గాని చక్కగా పెట్టారు. ఉండటం నుంచి వచ్చిన మాట. ఒకటి ఎక్కడుందో చెప్పేది ఉనికి. అక్షాంశ రేఖాంశాలతో చెప్పవచ్చు, పక్కనున్నవాటితో పోల్చి చెప్పవచ్చు. బెజవాడను తీసుకోండి. ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య కృష్ణ ఇరుకవుతుంది. అందుకే 1855లో ఆనకట్ట అక్కడ కట్టారు, 1957లో బ్యారేజీ కూడా అక్కడే కట్టారు. ఇది ఊరు కూర్చున్న నేల గుణం. చెన్నై–కోల్‌కతా రైలుదారి, కాజీపేట వైపు దారి అక్కడ కలవడం ఊరికి బయటివాటితో ఉన్న సంబంధం. ఒకదాన్ని నెలవు అని, రెండోదాన్ని సంబంధ స్థితి అని నేను చెబుతుంటాను. ఇంతకంటే మంచి మాట మీకు దొరికితే అదే వాడండి.

స్థలం అనగానే తెలుగువాడికి గజాలు గుర్తొస్తాయి, 200 గజాల స్థలం కొన్నాడు అంటాం. ఇంకా ఎవరి జ్ఞాపకమూ అంటని ఖాళీ అది. దాన్ని మనిషి అనుభవంతో నింపితే వేరే ఏదో అవుతుంది, భూగోళ శాస్త్రవేత్త యీ-ఫు తువాన్ దీని గురించి ఎంతో ఆలోచించాడు. ఆ రెండోదానికి మన దగ్గర సరైన మాట ఊరు. ముప్ఫై ఏళ్లుగా హైదరాబాద్‌లో ఉన్నవాణ్ని ‘మీదేవూరు?’ అని అడిగితే పుట్టిన పల్లె పేరే చెబుతాడు. ప్రదేశం ఇంత లోతుకు పోదు, ఫలానా చోటు అని చెప్పడానికి చాలు. దర్శనీయ ప్రదేశాలు అంటాం కదా, అంతవరకే.

ప్రాంతం సంస్కృతంలో అంచు. సీమ అన్నా హద్దే. అంటే ఒక నేలకు పేరు పెట్టడానికి మనం దాని చివరలను చూపించే మాటలు తీసుకున్నాం, తర్వాత ఆ మాటలు లోపలి నేలంతటికీ పాకాయి. అయినా ప్రాంతంలో అంచుల మసక ఇంకా పోలేదు, ‘1900 ప్రాంతంలో’ అంటే ఇంచుమించుగా అని కాలానికీ వాడతాం. ఆ మసక ఈ శాస్త్రానికి పనికొస్తుంది. జనం మనసులో ఉండి, గీత గీయలేని ప్రాంతాలు చాలా ఉన్నాయి. కోనసీమ ఎక్కడ మొదలవుతుందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. 2022లో జిల్లా అయ్యాక దానికి గీత వచ్చింది. రాయలసీమ కథ ఇంకోలా నడిచింది. నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన జిల్లాలను దత్తమండలాలు అనేవారు. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన నేల అనే పేరుతో ఎవరు బతుకుతారు? 1928లో నంద్యాల సభలో దాన్ని రాయలసీమ అన్నారు. మండలం అనే మాటను మాత్రం జాగ్రత్తగా వాడించండి. ఉష్ణమండలంలో అది భూమిని చుట్టిన పట్టీ. 1985 తర్వాత మాత్రం తహసీల్దారు ఆఫీసు ఉన్న చోటు. పిల్లలు రెండోదే అనుకుంటారు, వాళ్ల తప్పేమీ లేదు.

పట్నం గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట. మచిలీపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, కృష్ణపట్నం, నిజాంపట్నం అన్నీ రేవులే. తెలంగాణ పల్లెలో ఒట్టి పట్నం అంటే హైదరాబాద్. కోస్తాలో మా తాతల కాలంలో పట్నం అంటే చెన్నపట్నం. ఏ ఊరివాళ్లు ఏ ఊరిని ఒట్టి పట్నం అంటారో గీసుకుంటే, ఏ నగరం పట్టు ఎంతదూరం ఉందో పటం మీద కనిపిస్తుంది.

చివరగా మీ ఊరి మాట. జనావాసాల పాఠం చెప్పేటప్పుడు మీ ఊరు రెవెన్యూ గ్రామమా, వేరే గ్రామానికి మజరానా (దాని కిందికి వచ్చే శివారు పల్లెనా) అని వీఆర్వోను అడిగి తెలుసుకోండి. మజరా అయితే, మొదట ఏ ఊరినుంచి కదిలివచ్చారో పెద్దవాళ్లకు గుర్తుండే అవకాశం ఉంది. దండుకు భయపడి వచ్చారా, కొత్త చెరువు కింద భూమి కోసం వచ్చారా, ఎవరైనా జమీందారు పిలిచి నిలిపాడా అన్నది పిల్లల చేత రాయించండి. తెలిసినంత నాకూ రాసి పంపండి, మీ వైపు వలసల పేర్లు నేను చాలా కాలంగా కూడబెట్టుకుంటున్నాను.